ఫోనుకు చీరలు అమ్మిన వెంకటేశం

2025 మార్చి నెల. పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట వైపు వెళ్లే దారిలో, ఒక మందుల దుకాణం పైన, మొదటి అంతస్తులో నా క్లినిక్. నేను స్పీచ్ థెరపిస్టుని. మాట ఇంకా రాని పిల్లలకి, మాట తడబడే వాళ్లకి, ఉన్న మాట పోగొట్టుకున్న పెద్దవాళ్లకి సాధన చేయించడం నా పని. ఈ పనికి నిశ్శబ్దంగా ఉండే చోటు చూసుకోవాలని చదువుకునే రోజుల్లో మాకు చెప్పారు. పంజాగుట్టలో ఏదైనా అద్దెకి దొరుకుతుంది గానీ నిశ్శబ్దం దొరకదు. కిటికీ మూస్తే హారన్లు కాస్త తగ్గుతాయి, ఫ్యాను శబ్దం పెరుగుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ రెండింటి మధ్యే నెట్టుకొస్తున్నాను.

నాకు ఓపిక తక్కువని మా ఇంట్లో అందరి ఫిర్యాదు. ఉన్నదంతా క్లినిక్‌లోనే అయిపోతుందని నా సమాధానం.

ఆ నెలలో ఒక పొద్దున వెంకటేశం గారు వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు, యాభై దాటిన మనిషి. కుడిచేతిని ఒళ్లో జాగ్రత్తగా పెట్టుకుని కూర్చున్నారు. పక్కన ఆసుపత్రి ఫైలు పట్టుకుని ఆయన భార్య అనసూయ గారు. మీ పేరేంటండీ అని ఆయన్ని అడిగాను. వెంకటేశం అని ఆవిడ చెప్పారు. ఏం పని చేస్తారని ఆయన్నే అడిగాను. దానికీ ఆవిడే జవాబు. ఆయన్ని చెప్పనివ్వండి అన్నాను కొంచెం నవ్వుతూనే.

"ఆయనకి మాట వస్తలేదు మేడం. అందుకే కదా మీ కాడికి వచ్చినం," అన్నారావిడ.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నేను ఫైలు తిప్పాను.

వాళ్లది సిరిసిల్ల. మగ్గాల ఇల్లు. వెంకటేశం గారు మీసాలు రాని వయసులోనే హైదరాబాద్ వచ్చి అమీర్‌పేటలో ఒక చీరల దుకాణంలో చేరారు. అప్పటి నుంచీ అదే దుకాణం, అదే తెల్ల పరుపు. ఆ పరుపు మీద కూర్చుని చీర విప్పి చూపించి, వచ్చినవాళ్లని మాటల్లో పెట్టి, కొనిపించడం ఆయన పని. దుకాణం మెట్లెక్కుతూనే "వెంకటేశం ఉన్నడా" అని అడిగే ఆడవాళ్లు ఉన్నారట. అలాంటి మనిషికి చలికాలంలో ఒకరోజు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది. కాలు బాగైంది, చెయ్యి ముప్పావు వంతు బాగైంది. మాట మాత్రం తిరిగి రాలేదు.

దుకాణం సేటు చెడ్డవాడేం కాదు. ఇంటికి వచ్చి చూసి, పండ్లు ఇచ్చి, శ్రావణమాసం దాకా జాగా ఖాళీగానే ఉంచుతానని మాటిచ్చాడు. శ్రావణం చీరలకి పెద్ద గిరాకీ కాలం. అప్పటికీ మాట రాకపోతే గోదాములో చీరలు మడతపెట్టే పని ఇస్తానన్నాడు. ఈ సంగతి అనసూయ గారు చెబుతుంటే వెంకటేశం గారు తల అటు తిప్పుకుని కిటికీలోంచి మెట్రో స్తంభాలు చూస్తూ కూర్చున్నారు. గోదాము అన్న మాట వచ్చినప్పుడు ఆయన దవడ బిగుసుకుంది. ఆయనకి ఏం కావాలో నేను మళ్లీ అడగాల్సిన పని లేకపోయింది.

ఆయనకి ఉన్నదాన్ని అఫేజియా అంటాం. మెదడులో మాటని చూసుకునే భాగం దెబ్బతినడం. తెలివి పోదు, జ్ఞాపకం పోదు, ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు తెలుస్తూనే ఉంటుంది. చెప్పాలనుకున్నది కూడా లోపల ఉంటుంది. దుకాణం నిండా సరుకున్నా షట్టర్ సగంలో ఇరుక్కుపోయినట్టన్నమాట. దాన్ని కొద్దికొద్దిగా పైకి లేపడమే మా పని. మొదటి నెలల్లో ఎంత లేపితే అంత మంచిది.

టీ కప్పు బొమ్మ చూపించాను. ఆయన కళ్లు వెలిగాయి. పెదాలు కదిలాయి. "అది... అది... చ..." అన్నారు. ఆ "చ" వెనక మాట వస్తోంది, నాకు కనిపిస్తోంది. ఇంతలో పక్క నుంచి "చాయ్ కప్పు" అని అనసూయ గారు అందించేశారు. ఆయన కళ్లలో వెలుగు ఆరిపోయింది. గొడుగు బొమ్మకీ అంతే, చెప్పుల బొమ్మకీ అంతే. అలాగని ఆవిడ మీద కోపం తెచ్చుకోలేం. కట్టుకున్నవాడు ఒక్క మాట కోసం అంత అవస్థ పడుతుంటే చూస్తూ ఊరుకోవడం మాటలు కాదు.

ఇంతలో తలుపు దగ్గర ఒక పేషెంటు తల్లి తొంగి చూసింది. వెంకటేశం గారు ఆవిడ వైపు తిరిగి ఒక్క గుక్కలో "రండమ్మా, కూసోండి, చూస్తే పైసలడుగుతనా" అన్నారు. అనసూయ గారు ఉలిక్కిపడ్డారు. ఆ వచ్చినావిడ నిజంగానే కూర్చుంది. దీన్ని మేము ఆటోమేటిక్ స్పీచ్ అంటాం. ఏళ్ల తరబడి అలవాటైన మాటలు ఆలోచన లేకుండా వాటంతటవే వచ్చేస్తాయి. కొత్తగా వెతుక్కోవాల్సిన మాట దగ్గరే ఇబ్బంది. నాకు మాత్రం ఆ పొద్దున మంచి ఆశ పుట్టింది. దారి ఎటుందో ఆయనే చూపించారనిపించింది.

వారానికి రెండుసార్లు నా దగ్గరికి రమ్మన్నాను. కానీ ఈ సాధన రోజూ జరగాలి, ఇంట్లో జరగాలి. ఇంట్లో ఎవరు చేయిస్తారు? కూతురు మౌనిక బేగంపేటలో ఏదో ఆఫీసులో పని చేస్తుంది, పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తుంది. అనసూయ గారు చేయిస్తే అన్ని మాటలూ ఆవిడే చెప్పేస్తారు. అప్పుడు మౌనిక నాకు ఫోన్ చేసి, నాన్న ఫోన్‌లో ఏఐ చాట్‌బాట్ పెడితే ఎలా ఉంటుందని అడిగింది. ఆ ఇంట్లో అది అప్పటికే చాయ్ లాంటి అలవాటు. మౌనిక ఆఫీసు మెయిళ్లు దానితో రాయించుకుంటుంది. అనసూయ గారు సొరకాయతో కొత్తగా ఏం చేయొచ్చో దాన్ని అడుగుతారు. మా ఇల్లు మాత్రం తక్కువ తిందా? మా ఆయన రోజూ పొద్దున్నే కూర ఏం చేయాలో దానితో పెద్ద చర్చ పెడతారు, చివరికి పప్పు చేస్తారు. అమీర్‌పేటలో కోచింగుల ఫ్లెక్సీలన్నీ అప్పటికే ఏఐ కోర్సులవి అయిపోయాయి. సరే, ఫోన్ తీసుకురమ్మన్నాను. మందుల సంగతులు మాత్రం దాన్ని అడగొద్దు, అవి డాక్టరు గారికే వదిలేయమన్నాను.

తరువాతి శనివారం మౌనిక కూడా వచ్చింది. ఫోన్‌ని నా బల్ల మీద నీళ్ల జగ్గుకి ఆనించి, మనిషితో మాట్లాడినట్టే మాట్లాడు నాన్నా అంది. ఆయన గొంతు సవరించుకున్నారు. "నాకు... చీర..." అని ఆగారు. ఆ మూడో మాట కోసం వెతుకుతున్నారు. అంతే, ఫోను అందుకుంది. మీరు చీరల గురించి తెలుసుకోవాలనుకుంటున్నారా, చాలా సంతోషం, మన దగ్గర పట్టుచీరలు, నూలుచీరలు అంటూ వార్తలు చదివినట్టు చదువుకుంటూ పోయింది. ఆయన మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ ఆగారు. మళ్లీ అది అందుకుంది. ఆయన ఎడంచేత్తో ఫోన్‌ని బోర్లా పడుకోబెట్టారు.

నాకే నిరాశగా అనిపించింది. అప్పుడు అనసూయ గారు దుకాణం సంగతి ఎత్తారు.

"గిది సుత మా ఆయన లెక్కనే ఉంది మేడం. దుకాణంల కొత్తోళ్లు చేరితే ఈయన గిదే నేర్పుతుండె. గిరాకీని ఊకె ఉండనియ్యొద్దు. ఆమె జర మాట ఆపిందా, ఇంకో చీర ఇప్పాలె, ఇంకో మాట అందుకోవాలె. లేకుంటే లేచి పోతది అని."

గిరాకీ అంటే కొనడానికి వచ్చిన మనిషి. ఆవిడ చెప్పేది వింటూ వెంకటేశం గారు బోర్లా పడుకున్న ఫోన్‌ని చూపించి, ఆ తరువాత తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నారు. "నే... నేనే," అన్నారు. భుజాలు కదిలిపోయేలా నవ్వారు. పక్షవాతం వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలని మౌనిక తరువాత చెప్పింది. కొత్తవాళ్లకి ఆ పాఠం నేర్పిన మనిషికి ఇప్పుడు కావాల్సింది ఎదుటివాళ్లు ఊరుకోవడమే. ఆ సంగతి మా అందరికన్నా ముందు ఆయనకే తట్టింది.

దానికో మార్గం దొరికింది. ఆ యాప్‌లో రెండు పద్ధతులున్నాయి. ఒకటి ఫోన్ కాల్ లాంటిది, మనం ఆగితే అది మొదలుపెడుతుంది. రెండోదాంట్లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడాలి. మళ్లీ నొక్కేదాకా అది నోరెత్తదు. మధ్యలో ఎంతసేపు ఆగినా పరవాలేదు. ఆ రెండోది వాడమన్నాను. దానికి ఒక సూచన కూడా టైపు చేసిపెట్టాను. ఈయనకి మాట దొరకడానికి సమయం పడుతుంది, నువ్వు మాట అందించకు, జవాబు ఒక్క వాక్యంలో చెప్పు, అర్థం కాకపోతే మళ్లీ అడుగు అని. ఇంతకీ దేని గురించి మాట్లాడాలని మౌనిక అడిగింది. రోజూ పండ్లు, కూరగాయలు, బంధువుల పేర్లు చెప్పిద్దామని నా ఆలోచన. ఆయన తల అడ్డంగా ఊపి ఫోన్‌ని వేలితో చూపించారు.

"ఇది... గిరాకీ," అన్నారు.

అలా మొదలైంది. సనత్‌నగర్‌లో వాళ్ల ఇంట్లో పొద్దున చాయ్ అవగానే ఆయన మంచం మీద తెల్ల దుప్పటి పరుస్తారు. ఫోన్‌ని పప్పుల డబ్బాకి ఆనిస్తారు. అనసూయ గారి బీరువాలోంచి ఒక చీర తీసి, విప్పి, ఫోన్‌కి అమ్ముతారు. మౌనిక ఆఫీసుకి వెళ్లేముందు వీడియో తీసి నాకు పంపేది. ఆ వీడియోల్లో వెనక నుంచి ఎప్పుడూ ఒకే గొంతు వినిపించేది, బీరువా అంతా ఆగం చేస్తున్నడు మేడం అని.

మొదట్లో ఆ గిరాకీ చేసిన కామెడీ అంతా ఇంతా కాదు. "నమస్కారమండీ, మీ వద్ద ఏ రకాల చీరలు లభిస్తాయి?" అని అడిగేది. అమీర్‌పేటలో చీర కొనడానికి వచ్చి అలా అడిగిన ఆడమనిషి ఇంతవరకు పుట్టలేదు. ఆయన చీర విప్పి "జరీ... అంచు" అనేసరికి, చాలా బాగుందండీ, ఇది తీసుకుంటాను అనేది. ఏది చూపిస్తే అది బాగుందనేది. మూడో రోజుకో నాలుగో రోజుకో వెంకటేశం గారికి చిర్రెత్తుకొచ్చింది. భార్య వైపు తిరిగి, ఫోన్‌ని చూపిస్తూ, "గిట్ల... ఎవలు... కొంటరు?" అన్నారు. ఆగి ఆగి అన్నా, అది పూర్తి వాక్యం. ఎవరూ అందించకుండా ఆయన సొంతంగా కట్టుకున్న మొదటి వాక్యం. ఆ వీడియో నేను మా ఇంట్లో వంటగదిలో నిలబడి చూశాను, కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను.

దాని బుద్ధి మార్చే పని మౌనిక తీసుకుంది. బేరమాడు, వంకలు పెట్టు, లేచిపోతానని బెదిరించు అని నేర్పింది. ఆ తరువాత గిరాకీ దారికొచ్చింది. రంగు దిగుతుందా, ఈ అంచు మరీ పెద్దగా ఉంది, ఇలాంటిదే పక్క దుకాణంలో తక్కువకి ఇస్తామన్నారు అనడం మొదలుపెట్టింది. ఆయనకి ఉషారొచ్చింది. ఆయన పలికేది దానికి చాలాసార్లు అర్థమయ్యేది కాదు. అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి అనేది. విసుగు లేదు, జాలి లేదు, ఎన్నిసార్లయినా మళ్లీ చెప్పమనేది. ఆ ఓపిక చూసి నాకే కొంచెం అసూయ కలిగింది. ఎండలు ముదిరేసరికి కొంగు, అంచు, పోగు, నేత, మెత్తన, పలచన, ఒక్కొక్క మాటే షట్టర్ కింది నుంచి బయటికి వచ్చేశాయి. నేను బొమ్మలు చూపించడం మానేసి ఇంట్లోంచి చీరలు మోసుకెళ్లడం మొదలుపెట్టాను.

అంతా బాగుందనుకుంటున్న సమయంలో, జూన్ మొదట్లో, అనసూయ గారు ఒక్కరే వచ్చారు. కుర్చీలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"నాతోని మాట్లాడుతలేడు మేడం. పొద్దంతా గా ఫోనుతోనే. నేను పోయి పక్కన కూసుంటే ఫోను సుత బంద్ చేసి ఊకుంటడు. పెండ్లయినప్పటి సంది గింత దూరం ఎన్నడూ కాలేదు."

నాకు గుబులేసింది. మాట తిరిగి వస్తే అది మనుషుల దగ్గరికి తీసుకెళ్లాలి గానీ దూరం చేయకూడదు. పైగా శ్రావణంలో దుకాణంలోకి వచ్చేది ఫోన్లు కాదు, మనుషులు. ముఖాలున్న మనుషులు. ఆయన ఆగితే వాళ్లు జాలిపడతారు, తొందరపడతారు, చూపు తిప్పుకుంటారు. ఫోన్‌తో ఎంత బాగా మాట్లాడినా, ఒక్క మనిషి ముందు నోరు పెగలకపోతే చివరికి గోదామే. ఫోన్ మాన్పించేద్దామా అని అనసూయ గారు అడిగారు. వద్దన్నాను. దారి చూపించినదాన్ని తిట్టుకుని లాభం లేదు. తరువాతిసారి ఇద్దర్నీ కలిసి రమ్మన్నాను. ఒక చీర కూడా తెమ్మన్నాను.

ఆ రోజు నా గదిలో నేల మీద దుప్పటి పరిచాను. ఆయన్ని ఒకవైపు, ఆవిడని ఎదురుగా కూర్చోబెట్టి, ఇవాళ మీరు గిరాకీ అని ఆవిడకి చెప్పాను. వెంకటేశం గారు చీర విప్పారు. విప్పడంలో ఆ చేతికి పాత పనితనమంతా వచ్చేసింది. చీర గాలిలోకి లేచి, ఒక్క ముడత లేకుండా ఆవిడ ఒళ్లో వాలింది. "చూడండమ్మా," అన్నారు. అది అలవాటు మాట, తేలిగ్గానే వచ్చింది. ఆ తరువాత, "దీని... కొంగు..." అని ఆగారు.

"కొంగు పెద్దగుంటది," అన్నారు అనసూయ గారు.

ఆయన పెదాలు బిగించి మళ్లీ మొదలుపెట్టారు. "ఇది... చేతి..."

"చేతి మగ్గం," ఆవిడ అనేశారు. అనేసి, తప్పు చేసినట్టు నా వైపు చూశారు.

వెంకటేశం గారు ఎడంచెయ్యి పైకెత్తి అరచెయ్యి ఆవిడకి అడ్డంగా పెట్టారు. ముఖం ఎర్రబడింది. నేను ఏదో అనబోయి, పళ్లు బిగపట్టి ఆగాను. కింద గ్రీన్ సిగ్నల్ పడి బండ్లన్నీ ఒక్కసారి కదిలిన చప్పుడు వినిపించింది. ఆయన నెమ్మదిగా మొదలుపెట్టారు.

"ఫోను... ఆగుతది," అన్నారు. కాసేపటికి, "నువ్వు... ఆగవు," అన్నారు. ఇంకాసేపటికి, చాలా మెల్లగా, "నేను... చెప్త. జర... ఆగు."

అనసూయ గారు చీర మీదున్న చేతుల్ని కదపలేదు. కళ్లనీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. నాకైతే ఆయన కోపమే వరంలా తోచింది. ఫోను మీద విసుక్కున్న మనిషి మొదటిసారి భార్య మీద విసుక్కున్నాడు. అంటే మళ్లీ మనిషితో మాట్లాడాలనే కోరిక పుట్టింది.

ఆగాలని తెలిసినా ఆవిడ నోరు ఆగదు. అది చెడ్డ అలవాటు కాదు, ప్రేమ. ప్రేమకి సూచనలు టైపు చేసిపెట్టలేం కదా. బల్ల మీద జగ్గులోంచి గ్లాసులో నీళ్లు పోసి ఆవిడ చేతికిచ్చాను. ఆయన మాట కోసం ఆగినప్పుడల్లా ఒక గుక్క నోట్లో పోసుకోండి, ఆయన మాట పూర్తయ్యాకే మింగండి అన్నాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. అయినా ఆ మధ్యాహ్నమంతా బుగ్గలు ఉబ్బించుకుని బేరమాడే ప్రయత్నం చేశారు. ఆ బుగ్గలు చూసి ఆయన రెండుసార్లు నవ్వారు. "చేతి... మగ్గం... పోచంపల్లి," అని ఆయన ముగించినప్పుడు ఆవిడ నోట్లో నీళ్లు మింగి, నాకు గిది వద్దు, ఇంకోటి చూపియ్యి అన్నారు. భలే గిరాకీ దొరికిందనుకున్నాను.

అప్పటి నుంచి ఇంట్లో పొద్దున పూట ఫోను కూడా ఉండేది, ఆవిడ కూడా ఉండేవారు. ఫోను ఒక వంక పెడితే ఆవిడ ఇంకొకటి పెట్టేవారు. ఒకరోజు అనసూయ గారు మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, కూర్చోకుండానే, సంతోషంగా చెప్పారు.

"నన్ను తిట్టిండు మేడం. 'చెప్పులు ఎండల పెట్టినవ్, తోలు పగులుతది' అన్నడు. నీళ్లు తాగే సందు సుత ఇయ్యలేదు."

భర్త తిట్టాడని అంత మురిసిపోయిన ఆడదాన్ని నా సర్వీసులో ఇంకొకరిని చూడలేదు.

శ్రావణం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి ముందు, రద్దీ లేని ఒక మధ్యాహ్నం, సేటు ఆయన్ని రమ్మన్నాడు. అనసూయ గారు నన్ను కూడా లాక్కెళ్లారు. కొనేవాళ్లలాగా ఒక మూల కూర్చున్నాం. ఆవిడ సంచిలో నీళ్ల సీసా ఉంది. వెంకటేశం గారు తన పాత చోట, తెల్ల పరుపు మీద, వీపు నిటారుగా పెట్టి కూర్చున్నారు. ఒకావిడ వచ్చింది. "రండమ్మా, కూసోండి" అన్నది హాయిగా వచ్చేసింది. ఆవిడ పట్టులో ఏదైనా చూపించమంది. ఆయన ఒక చీర విప్పారు. "దీని... అంచు..." అని ఆగారు.

దుకాణంలో ఎవరూ ఓర్చుకోలేని ఖాళీ అది. పక్క పరుపు మీద కూర్చున్న అతను సాయం చేద్దామని నోరు తెరిచాడు. వెంకటేశం గారు అతని వైపు చూడకుండానే అరచెయ్యి ఎత్తారు. నా పక్కన అనసూయ గారు సీసా మూత తీసి గడగడా నోట్లో పోసుకున్నారు. సేటు గల్లా దగ్గర నుంచి చూస్తున్నాడు. కొనడానికి వచ్చినావిడ లేచి పోతుందేమో అని ఆమె కాళ్ల వైపే చూశాను.

ఆ వచ్చినావిడ లేవలేదు. అంచు మీద వేళ్లతో రాస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు మాట్లాడటం మొదలుపెట్టింది. మా అత్తమ్మకి అంది. ఆమెకి ముదురు రంగులు నచ్చవు అంది. మెరిసేవి కట్టుకోదు, మెత్తగా ఉంటే చాలు అంది. ఎవరూ అడగలేదు. ఎవరూ మధ్యలో అందుకోలేదు కాబట్టి చెప్పుకుంటూ పోయింది. వెంకటేశం గారు తల ఊపుతూ అంతా విన్నారు. విప్పిన చీర పక్కన పెట్టి, వెనక్కి తిరిగి, వరసలోంచి ఒకే ఒక్కటి లాగి ఆవిడ ఒళ్లో పరిచారు. "ఇది... మీ అత్తమ్మకి," అన్నారు. ఆవిడ ఇంకోటి చూపించమని అడగలేదు.

ఏళ్ల తరబడి ఇంకో చీర, ఇంకో మాట అంటూ గిరాకీకి ఊపిరి సలపనివ్వని మనిషి అలా అమ్మడం సేటు ఎప్పుడూ చూసి ఉండడు. అతను మా దగ్గరికి వచ్చి, మధ్యాహ్నాలు పంపించమ్మా, పొద్దున గోదాము కూడా వద్దు, రెస్టు తీసుకోనీ అన్నాడు. అనసూయ గారు జవాబు చెప్పడానికి ముందు నీళ్లు మింగాల్సి వచ్చింది.

అద్భుతం జరిగిపోయిందని చెప్పను. ఇప్పటికీ ఆయన మాట కుంటుతుంది. సాయంత్రమయ్యేసరికి అలసిపోయి మాటలు దొరకవు. బిల్లు చెప్పేది పక్కవాళ్లు. దుకాణం ఫోన్ మోగితే ఎత్తేది కూడా పక్కవాళ్లే. అఫేజియా ఉన్నవాళ్లకి ఫోన్‌లో మనిషితో మాట్లాడటం అన్నిటికన్నా కష్టం. ముఖం కనిపించదు, చెయ్యి ఎత్తి ఆపడానికి ఉండదు, ఒక్క క్షణం ఆగితే అవతలివాళ్లు హలో హలో అని పెట్టేస్తారు. చాట్‌బాట్ అలవాటు మాత్రం ఆయన మానలేదు. రోజూ పొద్దున చాయ్‌తో పాటు అది ఉంటుంది. ఈ మధ్య గిరాకీ వేషం తీసేసి దానితో సిరిసిల్ల కబుర్లు చెబుతున్నాడని, తనని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటున్నాడని అనసూయ గారు చెప్పారు.

ఇన్నేళ్లుగా నా పని మాట నేర్పడమని చెప్పుకునేదాన్ని. సగమే నిజం. మిగతా సగం చుట్టూ ఉన్నవాళ్లకి ఊరుకోవడం నేర్పడం. ఇప్పుడు నా క్లినిక్‌లో జగ్గు పక్కన గ్లాసులు వరసగా ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు పేషెంటుకి అనుకుని అటు జరుపుతారు. కాదండీ, మీకే అంటాను. ఇంట్లో అందరూ తొందరపడేవాళ్లే అయినప్పుడు, ఆగే అలవాటున్న ఒక యంత్రం సాయంగా వస్తే దాన్నీ కాదనను. కానీ అది ఆగేది మనం నొక్కిన మైకు బొమ్మ వల్ల. మనిషి ఆగేది ఎదుటి మనిషి కోసం. ఆ తేడా వెంకటేశం గారికి నాకన్నా బాగా తెలుసు.

ఈ మధ్యే ఒకరోజు మధ్యాహ్నం, నేను డబ్బా తెరిచి అన్నం తినబోతుంటే ఫోన్ మోగింది. తెలియని నంబరు. హలో అన్నాను. జవాబు లేదు. మళ్లీ అనబోయాను. అవతల ఎక్కడో బట్ట దులిపి విప్పిన చప్పుడు వినిపించింది. నేను నోరు మూసుకుని పక్కనున్న గ్లాసు అందుకుని ఒక గుక్క పోసుకున్నాను. కిటికీ అవతల హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా పెట్టుకున్నాను.

"మేడం..." అంది ఆ గొంతు. చాలాసేపటికి, "నేను... వెంకటేశం." ఇంకాసేపటికి, "కొత్త... సరుకు... వచ్చింది. రాండ్రి."

నీళ్లు మింగాను. వస్తానని చెప్పాలి, చాలా సంతోషంగా ఉందని చెప్పాలి, ఏం చెప్పాలో అంతా లోపల ఉంది. గొంతు దాటి ఒక్క మాట రాలేదు. అవతల ఆయన హలో అనలేదు, ఫోన్ పెట్టేయలేదు. నా మాట వచ్చేదాకా ఆగారు.